నొప్పుల మాత్ర – దాని మేలు, దాని కీడు

కర్నూలు జిల్లాలోని కోడుమూరు ప్రాంతము వానను నమ్ముకొన్న మెట్ట నేల. హంద్రీ నది ఈ సీమగుండానే పోయి కర్నూలువద్ద తుంగభద్రలో కలియుచున్నను, వేసవిలో దానియందు నీటికంటె ఇసుకయే ఎక్కువగా కనబడును. వాన సకాలమున కురిసిన ఏట వేరుశనగ, కంది, పత్తి, ఆముదము, ఉల్లి పండును. కురవని ఏట కూలీలు పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప, పత్తి చేలకు సుగ్గికి పోవుదురు. వంగి కలుపు తీయుట, మూటలు మోయుట, మగ్గపు గుంటలో కాళ్ళుంచి గంటల తరబడి నేయుట మొదలైన పనులన్నియు నడుమును, మోకాళ్ళను, భుజములను అరగదీయునవే.

నొప్పి పుట్టి ఇంట కూర్చున్న నాడు కూలి రాదు. కావున మందుల అంగడిలో చౌకగా లభించు నొప్పుల మాత్రను పొద్దున ఒకటి, మాపున ఒకటి మ్రింగి పనికి పోవువారు పల్లెలలో పెక్కుమంది. నొప్పి మరింత ముదిరినచో సూది వేయించుకొందురు. ఈ మాత్రలలోను, సూదులలోను మిక్కిలి వాడుకలో నున్న మందు డైక్లోఫెనాక్.

డైక్లోఫెనాక్ సరిగా వాడినచో మేలైన మందు. బెణుకు, కీళ్ళవాతము, పంటి నొప్పి, శస్త్రచికిత్స తరువాతి నొప్పి, మూత్రపిండములోని రాయివలన పుట్టు నొప్పి మున్నగువానిలో వైద్యులు దీనిని వాడుచునే యున్నారు. కాని ఎవరు, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అను నాలుగు ప్రశ్నలను విడిచి దీనిని వాడుట ప్రమాదకరము. అందును మండుటెండలో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగక పనిచేయువారికి ఈ మందు, నీడపట్టున కూర్చుండువారికంటె ఎక్కువ కీడు చేయగలదు. ఇందుకు కారణమును గ్రహించుటకు ముందుగా నొప్పి ఎట్లు పుట్టునో, మందు దానిని ఎట్లు అణచునో తెలిసికొనవలెను.

నొప్పి పుట్టు విధము

కాలిలో తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నదనుకొందము. కొంతసేపటికి ఆ చోటు ఎర్రబారును, వేడెక్కును, వాచును, సలుపును. ఈ నాలుగు లక్షణముల కలయికకే వైద్యశాస్త్రములో శోథ యని పేరు. గాయపడిన కణముల పొరలనుండి అరాకిడోనిక్ ఆమ్లమను కొవ్వు పదార్థము విడుదల యగును. సైక్లో ఆక్సిజనేజ్ అను ఎంజైము దీనిపై పనిచేసిన తరువాత ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు తయారగును. ఇవి రక్తనాళములను వెడల్పు చేయును; కావున ఆ చోటు ఎర్రబడి వాచును. నొప్పిని మెదడునకు తెలుపు నరముల కొనలను ఇవి మరింత సున్నితము చేయును. కావున చిన్న తాకిడికే ప్రాణము విలవిలలాడును.

ప్రోస్టాగ్లాండిన్ అను పేరును 1935లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ పెట్టెను. పురుషులలోని ప్రోస్టేట్ గ్రంథినుండి ఇది వచ్చుచున్నదని నాడు తలచుటవలన ఆ పేరు వచ్చినది. శరీరమందలి దాదాపు అన్ని కణజాలములలోను ఈ పదార్థములు పుట్టుచున్నవని తరువాత తేలినది. పేరు మాత్రము నిలిచిపోయినది.

నొప్పి మందుల చరిత్ర అంతకంటె పాతది. జర్మనీలో ఫెలిక్స్ హాఫ్మన్ 1897లో ఆస్పిరిన్‌ను శుద్ధరూపమున తయారుచేసెను; 1899లో అది అంగడికి వచ్చినది. లోకమంతయు దానిని మ్రింగుచుండెను గాని, అది శరీరములో ఏమి చేయుచున్నదో డెబ్బది సంవత్సరములకు పైగా ఎవరికిని తెలియదు. 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ ఆ రహస్యమును విప్పెను. ఆస్పిరిన్ వంటి మందులు సైక్లో ఆక్సిజనేజ్ ఎంజైమును అడ్డుకొని, ప్రోస్టాగ్లాండిన్లు పుట్టకుండ చేయునని ఆయన చూపెను. ఈ కృషికిగాను స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్ అనువారితో కలసి ఆయనకు 1982లో నోబెల్ బహుమతి లభించినది.

డైక్లోఫెనాక్‌ను 1973లో స్విట్జర్లాండునందలి సీబా గైగీ సంస్థలో ఆల్ఫ్రెడ్ సాల్మన్, రుడాల్ఫ్ ఫిస్టర్ అను రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. ఇంగ్లండులో పుట్టిన ఐబుప్రోఫెన్, నేడు విరివిగా అమ్ముడగుచున్న ఎసిక్లోఫెనాక్, ఇంకను నాప్రోక్సెన్, కీటోరోలాక్, నిమెసులైడ్ మొదలైనవన్నియు ఈ కుటుంబములోనివే. పేర్లు వేరైనను వాని పని ఒక్కటే. కావున డైక్లోఫెనాక్‌ను గూర్చి ఇచట చెప్పబోవు జాగ్రత్తలలో పెక్కు ఈ మందులన్నిటికిని వర్తించును.

నొప్పి అణగును, కావలియు తొలగును

ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని పుట్టించునవి మాత్రమే యైనచో వానిని పూర్తిగా అణచివేసినను నష్టము లేకపోయెడిది. కాని అవి శరీరమునకు కావలివారు కూడ. జీర్ణాశయమును దాని ఆమ్లమునుండి కాపాడుట, మూత్రపిండములకు రక్తమందునట్లు చూచుట, రక్తనాళముల వెడల్పును సరిచూచుట మున్నగు పనులు వానివే. నొప్పుల మాత్ర మ్రింగినపుడు మందు రక్తములో కలసి మోకాలికి మాత్రమే పోదు, శరీరమంతట తిరుగును. మోకాలిలో నొప్పిని అణచునట్లే కడుపులోను, మూత్రపిండములలోను కావలిని తొలగించును. ఈ మందువలని కీడులలో ముఖ్యమైనవి ఈ ఒక్క కారణమునుండియే పుట్టుచున్నవి.

కడుపులో పుండు

జీర్ణాశయములో నూరు హైడ్రోక్లోరిక్ ఆమ్లము మాంసమును సైతము కరిగించునంత ఘాటైనది. అట్టి ఆమ్లము జీర్ణాశయపు గోడనే కరిగించివేయకుండుటకు ఆ గోడపై జిగురుపొర యొకటి కలదు. ఆమ్లమును విరిచివేయు క్షారమును ఆ పొరలో ఊరుచుండును. ఈ ఏర్పాటును నిలిపియుంచునవి ప్రోస్టాగ్లాండిన్లు. మందు వానిని ఆపినపుడు పొర పలుచనగును. ఆమ్లము గోడను తాకును. క్రమముగా పుండు పడును. కొందరికి ముందుగా కడుపులో మంట, వికారము, త్రేనుపులు కనిపించును. మరికొందరికి ఏ సూచనయు లేకుండనే పుండునుండి రక్తము కారును. లోపల కారిన రక్తము ప్రేవులగుండా పోయి మలము తారువలె నల్లగా, జిగటగా కనబడును. రక్తము కొంచెము కొంచెముగా పోవుచున్నచో మనిషి పాలిపోయి, ఆయాసపడుచు, రక్తహీనత యని తెలియకనే క్రుంగిపోవును.

అరువది యేండ్లు దాటినవారికి, లోగడ కడుపులో పుండు పడినవారికి, గుండెకొరకు ఆస్పిరిన్ గాని, రక్తమును పలుచన చేయు మందు గాని వాడుచున్నవారికి, స్టెరాయిడ్ మందు వాడువారికి, సారాయి త్రాగువారికి ఈ అపాయము హెచ్చు. కొన్నిచోట్ల నొప్పుల సూదితో పాటు స్టెరాయిడ్ సూదియు కలిపి వేయు వాడుక ఉన్నది. నొప్పి వెంటనే తగ్గినట్లు తోచును గాని, రెండును కలిసినపుడు పుండు పడు అవకాశము ఎన్నో రెట్లు పెరుగును.

సూది వేయించుకొన్నచో కడుపునకు ముప్పు లేదని చాలమంది నమ్మకము. ఇది తప్పు. మందు కడుపును రాపాడి పుండు చేయుట కొంతవరకే నిజము. రక్తములో కలసిన మందు జీర్ణాశయపు కణములలోని ప్రోస్టాగ్లాండిన్లను ఆపుటయే అసలు కారణము. సూదిద్వారా ఎక్కినను, నోటిద్వారా ఎక్కినను మందు చేరునది ఆ రక్తములోనికే. పైగా పిరుదుపై సూది సరియైన చోట పడనిచో నరము దెబ్బతినవచ్చును. శుభ్రత చాలనిచో చీము పట్టవచ్చును. నోటితో మాత్ర మ్రింగగల వానికి నొప్పుల సూది అవసరము చాల అరుదు.

నొప్పుల మాత్రతో పాటు జనులు గ్యాస్ బిళ్ళ యని పిలుచు ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మాత్రను వైద్యులు వ్రాయుట కలదు. ఇది ఆమ్లపు ఊటను తగ్గించి జీర్ణాశయమును కొంత కాపాడును. కాని మూత్రపిండములకు గాని, గుండెకు గాని దీనివలన రక్షణ లేదు. గ్యాస్ బిళ్ళ వేసికొన్నాము గదా యని నొప్పుల మాత్రలను నెలల తరబడి మ్రింగుట పొరపాటు.

ఎండ, చెమట, మూత్రపిండములు

మెట్ట సీమల ప్రజలు మిక్కిలి శ్రద్ధతో తెలిసికొనవలసిన విషయము మూత్రపిండములను గూర్చినది. గుండెనుండి వెడలు రక్తములో దాదాపు ఐదవ వంతు ఈ రెండు చిన్న అవయవములకే పోవును. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడపోసి, దానిలో అధికభాగమును మరల రక్తమునకు చేర్చి, ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా విడుచును. ఈ వడపోత జరుగవలెనన్నచో రక్తము చాలినంత ఒత్తిడితో వచ్చుచుండవలెను.

మనిషి చక్కగా నీరు త్రాగి నీడలో నున్నపుడు ఈ ఒత్తిడికి లోటు లేదు. మే నెలలో కర్నూలు ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటి కాయును. అట్టి ఎండలో కాయకష్టము చేయువాని ఒడలినుండి గంటకు ఒక లీటరుకు పైగా చెమట పోవచ్చును. పోయిన నీరు మరల చేరనిచో రక్తపు పరిమాణము తగ్గును. అపుడు శరీరము చర్మమునకు, ప్రేవులకు పోవు రక్తమును కుదించి, గుండెకు, మెదడునకు మళ్ళించును. మూత్రపిండములకు పోవు నాళములును ఇరుకగును.

ఇట్టి సమయమున మూత్రపిండమును ఆదుకొనునవి ప్రోస్టాగ్లాండిన్లే. కాలువలో నీరు తగ్గినపుడు లస్కరు తూము తలుపును మరికొంత పైకెత్తి చివరి చేనికి కూడ నీరందునట్లు చేయును. మూత్రపిండములోని ప్రోస్టాగ్లాండిన్లు అట్టి లస్కరు పనినే చేయును. అవి వడపోత గుచ్ఛములోనికి పోవు రక్తనాళమును వెడల్పు చేసి, ఉన్న కొద్ది రక్తమునే అందించును. కాలువ నిండుగా పారుచున్నపుడు లస్కరు లేకున్నను చేను ఎండదు. నీరు సన్నగిల్లిన నాడు లస్కరును పంపివేసినచో చేను ఎండును. నొప్పుల మాత్ర చేయునది సరిగా ఇదే. చెమటోడ్చి, నోరెండి, మూత్రము పచ్చగా, కొద్దిగా పోవుచున్న కూలివాడు ఆ స్థితిలో డైక్లోఫెనాక్ మ్రింగినపుడు మూత్రపిండపు ఆఖరి ఆసరాను తానే తొలగించుకొనుచున్నాడు.

ఇట్లు కలుగు హాని చాలమారులు తాత్కాలికము. మందు మాని, నీరు చేరినచో మూత్రపిండములు కొద్దిదినములలో కోలుకొనును. కాని వృద్ధులలోను, మధుమేహమో రక్తపుపోటో ఉన్నవారిలోను, ముందే మూత్రపిండములు చెడినవారిలోను అది కోలుకొనలేని దెబ్బ కావచ్చును. ఏళ్ళ తరబడి దినదినము ఈ మందులు వాడినవారిలో మూత్రపిండములు మెల్లమెల్లగా చెడుటయు కలదు. మూత్రపిండములు సగమునకు పైగా చెడువరకు మనిషికి ఏ బాధయు తెలియకపోవచ్చును. అందుచేతనే ఈ కీడు కంటబడక దాగియుండును.

వాంతులు, విరేచనములు పట్టుకొన్నవారి సంగతియు ఇట్టిదే. ఒంట నీరు తగ్గిన ఆ దినములలో ఒళ్ళునొప్పులని ఈ మాత్ర వేసికొనరాదు. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులు, ఉదాహరణకు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, వానితో పాటు మూత్రమును ఎక్కువ చేయు మాత్ర వాడుచున్నవారు నొప్పుల మాత్రను గూడ చేర్చినచో మూడు మందులును కలసి మూత్రపిండమును మూడువైపులనుండి ముట్టడించినట్లగును.

రాబందులు చెప్పిన సాక్ష్యము

ఈ మందు మూత్రపిండములను ఎంతగా దెబ్బతీయగలదో చూపిన గొప్ప ఉదాహరణము మనుష్యులలో గాక పక్షులలో దొరికినది. 1990 తరువాతి దశకములో భారతదేశమున రాబందులు గుంపులు గుంపులుగా చనిపోసాగెను. ఒకప్పుడు పల్లెల వెలుపల పశువుల కళేబరములపై మూగుచుండిన తెల్లవీపు రాబందులు పదునైదేండ్ల వ్యవధిలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించెను. తొలుత ఏదో అంటురోగమని తలచిరి. చనిపోయిన పక్షులను కోసి చూడగా వాని అవయవములపై తెల్లని సున్నము పూసినట్లు యూరిక్ ఆమ్లపు పేట్లు కనబడెను. మూత్రపిండములు పనిచేయుట మానిన పక్షులలో కనబడు లక్షణమిది.

పాకిస్తానులో పరిశోధించిన శాస్త్రజ్ఞులు 2004లో కారణమును ప్రకటించిరి. కుంటు పశువులకు, జ్వరము వచ్చిన పశువులకు రైతులు డైక్లోఫెనాక్ సూది వేయించుచుండిరి. అట్టి పశువు చనిపోయినపుడు దాని మాంసము తిన్న రాబందు కొలదిదినములలో మూత్రపిండములు చెడి చనిపోవుచుండెను. భారత ప్రభుత్వము 2006లో పశువులకు ఈ మందు తయారీని నిషేధించెను. మనుష్యులకని తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుట గమనించి, 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితము చేసెను. ఇట్టివే యైన కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను గూడ 2023లో పశువైద్యమునుండి తొలగించిరి. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అను మందు పశువులకు లభించుచున్నది.

మనిషి శరీరము రాబందు శరీరము వంటిది కాదు. మనుష్యుడు ఈ మందును చాలవరకు కాలేయములో మార్చి కొద్ది గంటలలో విసర్జింపగలడు. కావున రాబందు చచ్చినంత మాత్రమున మనిషియు చచ్చునని భయపడనక్కరలేదు. కాని ఈ మందు దెబ్బ ఏ అవయవముపై పడునో ఆ మూగ పక్షులు లోకమునకు చాటిచెప్పినవి. కోడుమూరు ప్రాంతపు రైతు తన ఎద్దునకు నొప్పి సూది వేయించునపుడును ఈ విషయమును గుర్తుంచుకొనవలెను.

గుండె, కాలేయము, ఊపిరి

నొప్పుల మాత్రలు ఒంట ఉప్పును, నీటిని నిలువచేసి రక్తపుపోటును పెంచును. పోటునకు వాడు మందుల బలమును తగ్గించును. కాళ్ళవాపు కలుగవచ్చును. గుండె బలహీనముగా నున్నవారికి ఆయాసము హెచ్చవచ్చును. డైక్లోఫెనాక్ గుండెపోటును, పక్షవాతమును కొంత హెచ్చించునని పెద్ద పరిశీలనలవలన తెలిసినది. అనేక ప్రయోగముల ఫలితములను క్రోడీకరించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఈ మందును పెద్ద మోతాదులో ఒక సంవత్సరము వాడిన వేయిమందిలో, వాడనివారికంటె అదనముగా ముగ్గురికి గుండెపోటు, పక్షవాతము వంటి పెద్ద ఆపద కలిగినది. వారిలో ఒకరు మరణించిరి. వేయికి ముగ్గురనిన చిన్న సంఖ్యగా తోచును. కాని లక్షల మంది మ్రింగు మందు విషయమున అది చిన్నది కాదు. గుండెజబ్బు గాని, పక్షవాతము గాని ఒకమారు వచ్చినవారు ఈ మందును వాడరాదని ఐరోపా ఔషధ సంస్థ అదే సంవత్సరమున హెచ్చరించినది.

కొలదిమందికి కాలేయము దెబ్బతిని కామెర్లు కలుగవచ్చును. ఉబ్బసము గల కొందరికి ఈ కుటుంబపు మందులలో ఏది వేసికొన్నను ఊపిరి బిగియును. లోగడ ఇట్టి మాత్ర వేసికొన్నపుడు ఆయాసమో, ముఖము వాపో, దద్దురులో కలిగినవారు ఆ సంగతిని వైద్యునికి మరువక చెప్పవలెను.

ఎవరు వాడరాదు

గర్భిణీ స్త్రీలు ఇరువదవ వారము మొదలుకొని వైద్యుని ఆజ్ఞ లేనిదే ఈ మందును వాడరాదు. శిశువు మూత్రపిండములు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చును. చివరి మూడు నెలలలో వాడినచో శిశువు గుండెవద్ద పుట్టుకవరకు తెరచియుండవలసిన రక్తనాళము ముందే మూసికొనవచ్చును. అపుడు దీనిని బొత్తిగా మానవలెను. చిన్నపిల్లలకు పెద్దల మాత్రను ముక్క చేసి ఇచ్చుట తగదు. నిమెసులైడ్‌ను పండ్రెండేండ్ల లోపు పిల్లలకు వాడుటను మన దేశములో 2011లోనే నిషేధించిరి.

వానకాలపు జ్వరములలో డెంగీ కావచ్చునను అనుమానమున్నంతవరకు ఈ మాత్రలను ముట్టరాదు. డెంగీలో రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ఫలకికలు తగ్గును. ఈ మందును వాని పనికి అడ్డుతగిలి, కడుపులో పుండు చేయును. రెండును కలిసి రక్తస్రావమునకు దారితీయును. అట్టి జ్వరమునకు పారాసెటమాల్ మేలు.

మూత్రపిండముల జబ్బు, కడుపులో పుండు, గుండెజబ్బు, ముదిరిన కాలేయ వ్యాధి గలవారు, మెథోట్రెక్సేట్, లిథియం వంటి మందులు వాడువారు వైద్యుని అడుగకుండ దీనిని తాకరాదు.

వాడవలసిన విధము

మొదటి నియమము కొద్ది మోతాదు, కొద్ది దినములు. పెద్దలకు 50 మిల్లీగ్రాముల మాత్ర దినమునకు రెండుమారులు సామాన్యముగా చాలును. ఎట్టి పరిస్థితిలోను దినమునకు 150 మిల్లీగ్రాములు మించరాదు. బెణుకు వంటి నొప్పికి మూడు నాలుగు దినములలో మందుతో పని తీరవలెను. వారము దాటియు నొప్పి తగ్గనిచో మాత్రను పెంచుట గాక, కారణమును వెదకుట కర్తవ్యము.

రెండవది, ఖాళీ కడుపుతో వేసికొనరాదు. సంగటియో, జొన్నరొట్టెయో, అన్నమో తిన్న తరువాత నిండు గ్లాసు నీటితో మ్రింగవలెను. పైపూత గల మాత్రను నమలరాదు, విరువరాదు. పూత ఆ మాత్ర జీర్ణాశయములో కరుగకుండుటకు ఏర్పడినది.

మూడవది, ఎండపనికి పోవుటకు ముందు దీనిని కవచమువలె వేసికొనరాదు. పని ముగిసి, నీడకు వచ్చి, కడుపునిండ నీరు, మజ్జిగ, అంబలి త్రాగి, మూత్రము తేటగా పోవుచున్న తరువాతనే అవసరమైనచో వేసికొనవలెను. పనిచోట పావుగంట కొకమారు కొంచెము కొంచెముగా నీరు త్రాగుట నొప్పుల మాత్ర వాడువారికి ఇతరులకంటె ముఖ్యము.

నాలుగవది, ఒకే మందును రెండు పేర్లతో మ్రింగకుండ చూచుకొనవలెను. అంగడిలో డైక్లోఫెనాక్ ఎన్నో వ్యాపార నామములతో అమ్ముడగుచున్నది. పారాసెటమాల్‌తోను, కండరములను సడలించు మందులతోను కలిపి చేసిన జంట మాత్రలును పెక్కు గలవు. ఒక వైద్యుడు వ్రాసిన మాత్రలో డైక్లోఫెనాక్, మరియొకచోట తెచ్చుకొన్న మాత్రలో ఎసిక్లోఫెనాక్ ఉన్నచో మోతాదు రెట్టింపగును గాని మేలు రెట్టింపు కాదు. పట్టీపై పెద్ద అక్షరములలోని వ్యాపార నామమును గాక, దానిక్రింద చిన్న అక్షరములలో నుండు అసలు పేరును చదువవలెను, లేదా చదువగల పిల్లలచేత చదివింపవలెను. డైక్లోఫెనాక్ మాత్రలు చట్టము ప్రకారము వైద్యుని చీటీపై అమ్మవలసినవి.

ఐదవది, పైపూతను మరువరాదు. మోకాలు, చేతివ్రేళ్ళు, మడమ వంటి చోట్ల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ రుద్దుట చాలమందికి ఉపశమనము నిచ్చును. రుద్దిన మందులో రక్తములో కలియునది, మాత్ర మ్రింగినపుడు కలియుదానిలో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే. కావున కడుపునకు, మూత్రపిండములకు ముప్పు బహు స్వల్పము. పుండ్లపై, గాయములపై దీనిని పూయరాదు.

సామాన్యపు నొప్పికి, జ్వరమునకు పారాసెటమాల్ కడుపునకును మూత్రపిండములకును తక్కువ హాని చేయును. అది వాపును తగ్గింపదు. కొన్ని నొప్పులకు చాలకపోవచ్చును. దానికిని హద్దు కలదు. పెద్దలు దినమునకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిదికి మించినచో కాలేయము చెడును. సారాయి అలవాటున్నవారు, బక్కచిక్కినవారు అంతకంటె తక్కువతో ఆపవలెను.

నెలల తరబడి ఈ మందు వాడక తప్పని కీళ్ళవాత రోగులు కొందరు గలరు. వారు రక్తపుపోటును, రక్తములోని క్రియాటినైన్‌ను, హిమోగ్లోబిన్‌ను, కాలేయ పరీక్షలను వైద్యుడు చెప్పిన గడువులలో చేయించుకొనవలెను.

వెంటనే మందు మాని ఆసుపత్రికి పోవలసిన గుర్తులు ఇవి: తారువలె నల్లని మలము, రక్తపు వాంతి లేదా కాఫీ గసివంటి వాంతి, మూత్రము బాగుగా తగ్గుట, ముఖము గాని పాదములు గాని ఉబ్బుట, కళ్ళు పచ్చబడుట, గుండెలో నొప్పి, ఒకవైపు కాలుచేతులు పడిపోవుట, ఆయాసము, ఒళ్ళంత దద్దురులు. ఇట్టి స్థితిలో సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అవసరమైనచో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు పోవుటలో జాగు చేయరాదు. మ్రింగిన మాత్రల పట్టీని వెంట తీసికొనిపోయినచో వైద్యునికి సగము పని తీరును.

నొప్పికి మూలము

నొప్పుల మాత్ర నొప్పిని అణచును గాని నొప్పి మూలమును త్రవ్వి తీయదు. రాయలసీమలో కొన్ని ఊళ్ళ బోరుబావులలో ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఒంట చేరినచో పళ్ళు గారపట్టును. నడుము, మెడ, మోకాళ్ళు బిగిసి నొప్పించును. ఈ జబ్బును నాటి మద్రాసు రాష్ట్రమున నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు గుర్తించి వర్ణించిరి. ఊరిలో ఎందరికో ఒకే తీరున నడుము బిగిసినచో మందుల అంగడికి పోవుటకంటె ముందు నీటిని పరీక్ష చేయించుట ఉచితము. అచట మార్చవలసినది మాత్ర కాదు, త్రాగు నీరు.

ఇట్లే నడుమునొప్పి వెనుక వెన్నెముక క్షయ, స్త్రీలలో గుల్లబారిన ఎముకలు, పురుగుమందుల డబ్బా మోయు భుజములో చిరిగిన కండరము ఉండవచ్చును. వాత మను ఒక్క మాటతో సరిపెట్టుకొని మాత్రలతో కాలము గడపినచో నయము కాదగిన జబ్బు ముదిరిపోవును. పనిలో చేయు చిన్న మార్పులును మందుతో సమానమే. వంగి తీయు కలుపును పొడుగు పిడి పనిముట్టుతో తీయుట, బరువెత్తునపుడు నడుమును గాక మోకాళ్ళను వంచుట, మగ్గమునుండి గంట కొకమారు లేచి నడచుట, తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయుట వీనిలో ముఖ్యమైనవి. మోకాళ్ళ అరుగుదల గలవారికి వ్యాయామము మందు స్థానమునే పొందినది.

కూలి మీద బ్రతుకువాడు ఒక్క పూట నొప్పికి ఒక మాత్ర వేసికొనుటను ఎవరును తప్పుపట్టరు. ఆ మాత్ర దినచర్య కాకుండుట, ఎండలో దప్పితో నున్నపుడు కడుపులో పడకుండుట ముఖ్యము. పనిచేసి బ్రతుకువానికి మోకాలు ఎంత అవసరమో మూత్రపిండమును అంతే అవసరము. మోకాలు నొచ్చినపుడు కేక వేయును. మూత్రపిండము మాత్రము చివరి దాక నోరెత్తదు. దాని మాటను ముందే తెలిసికొని మెలగువానికి నొప్పుల మాత్ర మంచి సేవకుడుగా నుండును.